అబోరిజినల్ పిల్లల తరగతిలో: ఆస్ట్రేలియాలో పనిచేసే తెలుగు ఉపాధ్యాయులకు

ఆస్ట్రేలియాలో ఉపాధ్యాయుల వృత్తి ప్రమాణాలలో 1.4, 2.4 అనే రెండు అంశాలున్నాయి. మొదటిది ఆస్ట్రేలియా మూలవాసులైన అబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల విద్యార్థులకు బోధించే పద్ధతుల గురించి, రెండవది ఆ ప్రజల చరిత్రను, సంస్కృతిని, భాషలను తెలుసుకుని గౌరవించడం గురించి చెబుతాయి. కొత్తగా అక్కడి బడిలో చేరిన తెలుగు ఉపాధ్యాయుడు ఈ రెండింటినీ తరగతిలో ఎలా అమలు చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికంటే ముందు, మీ బడి ఎవరి నేల మీద ఉందో తెలుసుకోండి. 1788లో బ్రిటిష్ వారు వలస స్థాపించే నాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి కనుక, అందరికీ సరిపోయే ఒకే అబోరిజినల్ సంస్కృతి అంటూ లేదు. పెర్త్ పరిసరాలు నూంగార్లవి, ఈశాన్య ఆర్నెమ్ ల్యాండ్ యోల్ంగులది. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాలలో చాలామంది తమను కూరీలని చెప్పుకుంటారు. సిడ్నీలో పుట్టి పెరిగిన కూరీ పిల్లవాడి ముందు మధ్య ఎడారి ప్రాంతపు చుక్కల చిత్రాన్ని పెట్టి "ఇది మీ కళ" అంటే, మీకు అతని గురించి ఏమీ తెలియదని మీరే చాటుకున్నట్లవుతుంది.

తెలియనిది అడగవలసింది పిల్లలను కాదు. చాలా బడులలో అబోరిజినల్ కుటుంబాలకూ బడికీ మధ్య పనిచేసే విద్యా సహాయకులు ఉంటారు. రాష్ట్రాన్ని బట్టి వారి హోదా పేరు మారుతుంది. మొదటి వారంలోనే వారిని కలిసి, స్థానిక పెద్దలు ఎవరో, వారిని ఆంటీ, అంకుల్ అని పిలవవచ్చునో లేదో కనుక్కోండి. తరగతిలో ఉన్న ఒకే ఒక అబోరిజినల్ అమ్మాయిని లేపి "దీని గురించి మీవాళ్లు ఏమంటారు?" అని మాత్రం అడగవద్దు. ఏ కథను ఎవరు చెప్పవచ్చు, ఎవరు చెప్పకూడదు అన్న కట్టుబాట్లు ఉంటాయి. ఆ అమ్మాయికి ఆ అధికారం లేకపోవచ్చు.

అలా లేపడంలో మరొక చిక్కు కూడా ఉంది. అబోరిజినల్ ప్రజలు తమలో తాము మాట్లాడుకునే ఇంగ్లిష్ రూపమైన అబోరిజినల్ ఇంగ్లిష్‌లో "షేమ్" అనే మాటకు సిగ్గు కంటే విస్తృతమైన అర్థం ఉంది. అందరిలోనుంచి ఒకరిని విడదీసి చూపినప్పుడు, ఆ చూపడం పొగడ్త కోసమే అయినా, కలిగే ఇబ్బందిని కూడా ఆ మాటతోనే చెబుతారు. అందుచేత మెచ్చుకోదలచినప్పుడు పక్కకు వెళ్లి నెమ్మదిగా చెప్పండి. ప్రశ్న వేశాక వెంటనే జవాబు రాకపోతే ఆగండి. చాలా సముదాయాలలో మౌనం సంభాషణలో భాగమే, కళ్లలోకి సూటిగా చూడకపోవడం మర్యాదే. "అర్థమైందా?" అన్న ప్రశ్నకు వచ్చే "ఊఁ" ను నమ్మవద్దు, ఎందుకంటే ఆ మాట ఒక్కోసారి అడిగినవారిని నొప్పించకుండా ఉండడానికి చెప్పినదే అయి ఉంటుంది. ఇద్దరు ముగ్గురిని కలిపి, చేతితో చేసి చూపే పని ఇస్తే ఎంత అర్థమైందో తెలుస్తుంది.

అయితే ప్రతి మౌనాన్నీ సంస్కృతి ఖాతాలో వేయడం కూడా తప్పే. మధ్య చెవి ఇన్ఫెక్షన్ అబోరిజినల్ పిల్లలలో ఇతర పిల్లలకంటే చిన్న వయసులో మొదలై, పదే పదే వచ్చి, ఎక్కువ కాలం ఉంటుంది. దానివల్ల ఒక వారం బాగా వినిపించి, మరుసటి వారం సరిగా వినిపించని పరిస్థితి ఏర్పడుతుంది. తెలియని ఉపాధ్యాయుడికి అది అశ్రద్ధలా కనబడుతుంది. వినికిడి పరీక్ష జరిగిందో లేదో విచారించండి, బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, ఫ్యాన్ల హోరు తగ్గించండి, మాటతో పాటు బొమ్మ గీయండి. ఈ ఒక్క విషయం పట్టించుకుంటే మిగతా సగం సమస్యలు తలెత్తవని నా అభిప్రాయం.

భాష విషయంలో, పిల్లలు మాట్లాడే అబోరిజినల్ ఇంగ్లిష్‌ను తప్పుల ఇంగ్లిష్‌గా దిద్దవద్దు. దానికి దాని వ్యాకరణం ఉంది. ఒక పిల్లవాడు మీ పాఠాన్ని "డెడ్లీ" అంటే అద్భుతంగా ఉందని అర్థం. ఇంట్లో మాట ఇది, పరీక్షలో రాసే మాట అది అని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపండి.

పాఠ్యాంశంలోకి వస్తే, స్థానిక జ్ఞానాన్ని జూలైలో అబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల ప్రజల సంస్కృతిని వేడుకగా జరుపుకునే నైడాక్ వారానికి పరిమితం చేయకుండా రోజువారీ పాఠంలోకి తేవాలి. పెర్త్‌లో ఋతువులు చెప్పేటప్పుడు ఐరోపా నుంచి వచ్చిన నాలుగు ఋతువులతో ఆగకుండా, బిరాక్, బునురు, జెరాన్, మకురు, జిల్బా, కంబరాంగ్ అనే ఆరు నూంగార్ ఋతువులను గోడ మీద పెట్టి, ఏ పువ్వు పూసింది, గాలి ఎటు మళ్లింది అని పిల్లల చేత ఏడాది పొడవునా రాయించవచ్చు. విక్టోరియాలో గుండిట్జ్‌మారా ప్రజలు రాతి కాలువలు కట్టి ఈల్ చేపలను పెంచిన బుజ్ బిమ్, 2019లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నీటి ప్రవాహాన్ని, వాలును బోధించడానికి అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. స్థానిక ఉదాహరణలు వాడమంటే పాఠాన్ని తేలిక చేయమని నేను అనడం లేదు. క్వీన్స్‌లాండ్‌లోని చెర్బర్గ్ బడికి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన క్రిస్ సారా పట్టుబట్టింది, పిల్లలు అబోరిజినల్‌గా ఉంటూనే చదువులో గట్టిగా రాణించాలని.

ఇంటివారితో మాట్లాడేటప్పుడు చరిత్ర గుర్తుండాలి. సుమారు 1910 నుంచి 1970ల దాకా అధికారులు అబోరిజినల్ పిల్లలను కుటుంబాల నుంచి ఎత్తుకుపోయారు. దానికి పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. ఆ తరం అమ్మమ్మకు ప్రభుత్వ కార్యాలయం నుంచి ఫోన్ వస్తే భయం కలగడం సహజం కనుక, మీ మొదటి ఫోన్ ఫిర్యాదు కోసం కాకుండా పిల్ల బాగా చేసిన పని చెప్పడానికి కావాలి. తల్లి అక్కచెల్లెళ్లను కూడా పిల్లలు అమ్మ అనే పిలవవచ్చు. పెద్దమ్మ అనే మాట ఉన్న మనకు ఇది వింత కాదు. అందువల్ల ఈసారి వేరొక "అమ్మ" వస్తే అబద్ధమని అనుమానించకండి.

ఎవరైనా మరణిస్తే "సారీ బిజినెస్" అనే సంతాప కార్యక్రమాలు రోజులు, వారాలు సాగవచ్చు. ఆ గైరుహాజరును ఎగవేతగా నమోదు చేయకుండా, తిరిగి వచ్చే రోజుకు చిన్న పని సిద్ధంగా ఉంచండి. చాలా సముదాయాలలో మరణించినవారి పేరు కొంతకాలం పలకరు, వారి ఫోటో చూడరు. తరగతి గోడ మీద, బడి పత్రికలో వారి ఫోటో ఉంటే తీయాలో, ఉంచాలో విద్యా సహాయకుల ద్వారా ఆ కుటుంబాన్ని అడిగి, పిల్లవాడు తిరిగి బడికి రాకముందే ఆ పని పూర్తిచేయండి.