చెక్ ఇంజిన్ లైట్ వదలడం లేదా? చెయ్యి పెట్టేముందు జాగ్రత్తలు

పాత పెట్రోల్ కారులో పి0420 కోడ్ (పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని కారు కంప్యూటర్ ఇచ్చే సంకేతం) చెరిపినా తిరిగొస్తుంటే, ముందు ఇవి చూసుకోండి.

- బండి ఆరుబయట, చదునైన చోట, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడపొద్దు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఎండుగడ్డి మీద బండి అసలే నిలపొద్దు, వేడి సైలెన్సర్ తగిలి అంటుకోవచ్చు.
- సైలెన్సర్, కెటలిటిక్ కన్వర్టర్ పూర్తిగా చల్లారాలి.
- కోడ్ చెరపకముందే, కోడ్లు చదివే స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకోండి. కోడ్ వచ్చినప్పటి స్పీడు, ఇంజిన్ వేడి అందులోనే ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి.
- కారు కింద దూరాలంటే జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు పెట్టాలి.
- ఈ కోడ్ చూడగానే కన్వర్టర్ మార్చేయమంటారు. ఖరీదైన సామాను, తొందరెందుకు? ముందు ఎగ్జాస్ట్ లీకులు, మిస్‌ఫైర్ (సిలిండర్లో పెట్రోల్ సరిగా మండకపోవడం), వెనక ఆక్సిజన్ సెన్సర్ వైరింగ్ చూడండి.
- పెట్రోల్ వాసనొస్తే పని ఆపేయండి.