తెరమీద మన సీమ ముస్లింను రాసేటప్పుడు

ఒక ప్రాంతాన్నంతటినీ ఒకే బొమ్మలో కుదిస్తే ఎలా ఉంటుందో రాయలసీమవాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. కర్నూలు, కడప, అనంతపురం అనగానే తెలుగు సినిమా ఏళ్ల తరబడి సుమోలను, నాటుబాంబులను, వేటకొడవళ్లను చూపించింది. పై ఊళ్లలో మన జిల్లా పేరు చెప్పగానే ఎదుటివారి ముఖంలో వచ్చే మార్పును మనలో చాలామంది చూశాం. ఆ నొప్పి తెలిసినవాళ్లం కనుక, అదే అన్యాయం పక్కింటి ముస్లింకు మన చేతులతో జరగకుండా చూసుకోవలసిన బాధ్యత మనపై మరింత ఎక్కువగా ఉంది. లఘుచిత్రాలు, సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు రాస్తున్న మన ప్రాంత యువతీయువకులను ఉద్దేశించి ఈ సూచనలు రాస్తున్నాను.

మొదట మీ స్క్రిప్టులో మాట్లాడే పాత్రలను లెక్కపెట్టండి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో నూటికి పదహారు మందికి పైగా ముస్లింలు. కర్నూలు పాతబస్తీలో జరిగే కథలో ముస్లిం ఒక్కరూ నోరు విప్పకపోతే మీరు రాసింది కర్నూలు కాదు. ఈ లోపం మనకొక్కరికే పరిమితం కాదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో 2017 నుంచి 2019 వరకు బాగా ఆడిన 200 సినిమాలను దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు పరిశీలించి 2021లో ప్రకటించిన నివేదికలో, మాటలున్న 8,965 పాత్రల్లో ముస్లింలు 1.6 శాతమేనని తేలింది.

లెక్క తరువాత పేరు. ముస్లిం పాత్ర అనగానే ఖాన్ అనో, భాయ్ అనో పేరు పెట్టి ముందుకు సాగిపోవడం బద్ధకం. మన జిల్లాల్లో ఇంట ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్నాయి. తెలుగే తల్లిభాషగా, ఒకప్పుడు దూది ఏకడం కులవృత్తిగా ఉన్న దూదేకుల కుటుంబాలూ, అంటే నూర్‌బాషాలూ ఉన్నారు. దస్తగిరి, మస్తాన్, ఖాసీం, హుస్సేనప్ప, కుళ్ళాయప్ప వంటి పేర్లలో ఊరి చరిత్ర ఉంది. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడు కుళ్ళాయిస్వామిని హిందువులూ కొలుస్తారు కనుక, కుళ్ళాయప్ప అన్న పేరు వినగానే ఆ మనిషి మతమేమిటో చెప్పలేం. ఆ తెలియనితనంలోనే మంచి కథ ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది భాష విషయంలో. మూడేళ్ల కిందట కడపలో ఒక కుర్రవాడు నాకు తన లఘుచిత్రం స్క్రిప్టు చూపించాడు. అందులో దర్జీ ఒకాయన "నీకీ", "నాకీ" అంటూ విరిగిన తెలుగు మాట్లాడుతూ, ప్రతి మాటకూ ముందు "అరె" చేర్చి నవ్వు పుట్టిస్తాడు. నేనేమీ అనకుండా ఆ అబ్బాయిని మా వీధి చివర దర్జీ అంగడికి తీసుకుపోయి గంటసేపు కూర్చోబెట్టాను. ఆ దర్జీ ఫోనులో ఇంటివారితో "హౌ" (అవును), "నక్కో" (వద్దు) అంటూ దక్కనీ ఉర్దూలో మాట్లాడాడు. ఫోను పెట్టీ పెట్టగానే గడప దగ్గర నిలబడిన ఆమెతో "ఈ పొద్దు కరెంటు పోయెలేక్కా, రేపు మాపటికి జాకెట్టు ఇస్తా" అన్నాడు. మనందరం మాట్లాడే కడప తెలుగే అది. కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, చెయ్యి అని గుండ్రని తెలుగు అక్షరాలు. ఆయన దిగులు రెడీమేడ్ బట్టల వల్ల తగ్గిన గిరాకీ గురించి, చిన్న కూతురి పాలిసెట్ ర్యాంకు గురించి. వెనక్కి వచ్చాక కుర్రవాడు తన సంభాషణలన్నీ కొట్టివేసి, కూతురి చదువు చుట్టూ కథను కొత్తగా అల్లుకున్నాడు. మీరూ ఇదే చేయండి: రాయబోయే మనిషి పని చేసే చోట కూర్చుని, అడగడం తగ్గించి వినండి. రెండు భాషల మధ్య ఆయన ఎప్పుడు, ఎవరి కోసం మారుతున్నాడో గమనిస్తే సగం పాత్ర అక్కడే దొరుకుతుంది.

పాత్రకు మతంతో సంబంధం లేని ఒక కోరిక, ఒక చిక్కు ఉండాలన్నది నేను ఎక్కడా సడలించని నియమం. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ స్థాపించిన ఉస్మానియా కళాశాలలో చదివి లెక్చరరైన వ్యక్తిని రాయండి, వేరుశనగ ఎండిపోయి బోరు వేయాలా వద్దా అని తేల్చుకోలేని రైతును రాయండి, ఆర్టీసీ డ్రైవరును రాయండి. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వర విద్వాంసుడై శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆ జీవితాన్ని ఊహించి రాస్తే అతిశయోక్తి అనేవాళ్లం.

రాసిన తరువాత పరీక్షించుకోవడానికి ఒక సాధనం ఉంది. బ్రిటన్‌కు చెందిన ముస్లిం నటుడు రిజ్ అహ్మద్ 2017లో బ్రిటిష్ పార్లమెంటు భవనంలో చేసిన ప్రసంగం స్ఫూర్తితో, మరుసటి ఏడాది రిజ్ టెస్ట్ పేరిట ఐదు ప్రశ్నలు తయారయ్యాయి. ముస్లిం పాత్ర ఉగ్రవాదం గురించి మాట్లాడుతోందా, దానికి బలి అవుతోందా, లేక దానికి పాల్పడుతోందా? కారణం లేని కోపంతో ఊగిపోతోందా? మూఢనమ్మకాలతో, వెనకబడినదిగా కనిపిస్తోందా? పాశ్చాత్య జీవన విధానానికి ముప్పుగా ఉందా? మగవాడైతే స్త్రీద్వేషిగా, ఆడమనిషైతే మగవారి కింద నలిగేదిగా ఉందా? వీటిలో ఒక్కదానికి అవును అని వచ్చినా పాత్ర పరీక్ష తప్పినట్టే. నాలుగో ప్రశ్నను మన పరిస్థితికి తగ్గట్టు, దేశభక్తిని పదేపదే నిరూపించుకోమని కథ ఆ పాత్రను అడుగుతోందా అని మార్చుకోవచ్చు.

అయితే ఈ పరీక్ష పట్టుకోలేని దోషం ఒకటి తెలుగు కథల్లో బలంగా ఉంది. హీరో కోసం ప్రాణమిచ్చే మంచి మిత్రుడు, తప్పే చేయని తెల్లగడ్డం తాత మనకు బాగా పరిచయం. ఇవి గౌరవంతో రాసినవేనని ఒప్పుకుంటాను. కానీ చనిపోవడానికే పుట్టిన పాత్ర మనిషి కాదు. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో మొండితనం చూపే, అప్పు తీర్చకుండా తప్పించుకు తిరిగే, ఆ తరువాత సిగ్గుపడే దస్తగిరిని రాయగలిగినప్పుడే మీరు అతన్ని మనిషిగా గుర్తించినట్టు.

స్త్రీ పాత్రల దగ్గర బురఖాతో మొదలై బురఖాతోనే ముగిసిపోకండి. ఒకే ఇంట్లో నాయనమ్మ చీర కొంగు తలమీదికి లాక్కుంటుంది, తల్లి బురఖా వేసుకుంటుంది, కూతురు దుపట్టాతో కాలేజీకి పోతుంది. ఎవరు ఎందుకు ఏది ఎంచుకున్నారో వాళ్లనే అడగండి. నిఖా దృశ్యం రాస్తే పెళ్లికూతురి సమ్మతి అడిగే ఘట్టాన్ని వదలకండి. మెహర్, అంటే వరుడు వధువుకు ఇచ్చే సొమ్ము, ఎంతో చెప్పి, సాక్షుల ఎదుట ఒప్పుకోలు అడిగినప్పుడు ఆమె జవాబు చెప్పే ముందు పట్టే ఆ రెండు క్షణాలకు ఏ సంగీతమూ అవసరం లేదు.

చిత్రీకరణలో తప్పులు చిన్నవిగానే కనిపిస్తాయి. ప్రమాదం రాబోతోందని చెప్పడానికి అజాన్ వినిపించకండి. కడపలో అది పిల్లలు బడికి తయారయ్యే వేళకూ, కూరగాయలు బేరమాడే వేళకూ నడుమ రోజూ వినిపించే పిలుపు. నమాజు చేసే నటుడు మన ప్రాంతంలో పడమటి దిక్కుకు తిరగాలి. వంగడం, నుదురు నేలకు ఆనించి సజ్దా చేయడం ఏ వరుసలో జరుగుతాయో తెలిసినవారు పక్కన నిలబడి చూపించాలి. నమాజు చేసే మసీదు వేరు, సూఫీ గురువు సమాధి ఉండే దర్గా వేరు. పీర్ల పండుగను, దర్గా చదివింపులను ముస్లింలందరూ ఆమోదించరు. ఆ వాదన ఇళ్లలోనే నడుస్తుంది కనుక దాన్ని దాచకుండా రాయవచ్చు. కడప పెద్ద దర్గా ఉరుసునూ, ఉగాది నాడు, వేంకటేశ్వరస్వామిని పెళ్లాడిందని చెప్పే బీబీ నాంచారమ్మను తమ ఆడబిడ్డగా తలచి దేవుని కడప ఆలయానికి వచ్చే ముస్లింలనూ చూపించాలనుకుంటే, రెండు నిమిషాల సామరస్య దృశ్యంగా కాక, అక్కడికి వచ్చిన ఒక మనిషి మొక్కు ఏమిటో చెప్పండి.

ప్రేక్షకులకూ చేయగలిగింది ఉంది. మత వర్గాలను కించపరిచే దృశ్యాలను, మాటలను 1994 కేబుల్ టెలివిజన్ నియమాల్లోని ప్రోగ్రామ్ కోడ్ నిషేధిస్తోంది. 2021 సవరణ ప్రకారం ఫిర్యాదుకు ఛానల్ 15 రోజుల్లో జవాబివ్వాలి. ఓటీటీలకూ అదే ఏడాది వచ్చిన ఐటీ నియమాల్లో ఇదే గడువు ఉంది. కార్యక్రమం పేరు, తేదీ, సమయం, అభ్యంతరకరమైన మాట యథాతథంగా రాసి పంపండి. కోపం ఎంత ఉన్నా ఫిర్యాదులో తిట్టు రాయవద్దు.

చివరగా, షూటింగుకు కనీసం రెండు వారాల ముందు ఆ వర్గానికి చెందిన ఇద్దరికి, వీలైతే ఒకరు స్త్రీ అయ్యేలా చూసి, స్క్రిప్టును పైకి చదివి వినిపించండి. వాళ్లు ఎక్కడ నవ్వారో, ఎక్కడ మౌనంగా ఉండిపోయారో స్క్రిప్టు అంచున గుర్తు వేసుకోండి. మర్యాద కోసం బాగుందన్నవారి మౌనమే ఎక్కువ చెబుతుంది. వాళ్ల సమయానికి డబ్బివ్వండి, టైటిళ్లలో వాళ్ల పేరు వేయండి, మౌనం వచ్చిన చోటల్లా దృశ్యాన్ని తిరిగి రాయండి.