క్లాసు చూశాక టీచర్‌తో ఎలా మాట్లాడాలి? కొత్త ప్రిన్సిపల్స్ కోసం

క్లాసు చూడటానికి వెళ్లి, నాలుగు తప్పులు రాసుకొచ్చి, ఆ కాగితం మీద టీచర్ చేత సంతకం పెట్టించుకునే ప్రిన్సిపల్స్‌ను ఏళ్ల తరబడి చూస్తున్నాను. దానివల్ల పిల్లలకు ఒరిగిందేమీ లేదు.

కావలసినవి: చిన్న నోటుబుక్కు, పెన్ను, వాచీ. ఫోన్ ఆఫీసులోనే వదిలేయండి.

1. రోజుకు రెండు క్లాసులు, ఒక్కోదానికి పది నిమిషాలు. పెద్ద సిటీ స్కూల్లో పీరియడ్ మొత్తం కూర్చుందామనుకుంటే ఒక్కో టీచర్ క్లాసు ఏడాదికి ఒక్కసారి చూడటం కూడా కుదరదు. ముందే చెప్పి వెళితే మీకు కనిపించేది ఆ రోజు కోసం తయారుచేసిన పాఠం. బోస్టన్‌లో ప్రిన్సిపల్‌గా చేసిన కిమ్ మార్షల్ కూడా చెప్పకుండా వెళ్లే ఈ చిన్న చిన్న పరిశీలనలనే సమర్థిస్తారు.

2. చివరి బెంచీలోనే కూర్చోండి. గుమ్మంలో నిలబడకూడదు. టీచర్‌ను కాదు, పిల్లల నోటుబుక్కులు చూడండి. ఏదో ఒకటి లెక్కపెట్టండి: టీచర్ ఎన్ని ప్రశ్నలు అడిగారు, ఎంతమంది పిల్లలు జవాబు చెప్పారు, ఇలాంటిది.

3. అదే రోజు మాట్లాడండి. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

టీచర్‌ను మీ గదికి పిలవకండి. ప్రిన్సిపల్ రమ్మన్నారంటే ఏదో కంప్లయింట్ వచ్చిందనే టెన్షన్‌తోనే వస్తారు. బెల్లు కొట్టాక మీరే ఆ క్లాసుకు వెళ్లండి.

"బాగుంది, కానీ..." అని మొదలుపెట్టొద్దు. "కానీ" తర్వాత వచ్చేదే వాళ్లకు గుర్తుంటుంది. తీర్పు చెప్పొద్దు, చూసింది చెప్పండి. ఒకసారి నేను ఒక లెక్కల టీచర్‌తో "పిల్లలు పాల్గొనడం లేదు మేడమ్" అనేశాను. ఆవిడ ఆ తర్వాత నెలరోజులు ప్రశ్నలు అడగడమే మానేశారు. తప్పు నాదే. నేను అనాల్సిన మాట ఇది: "భిన్నాల మీద పదకొండు ప్రశ్నలు అడిగారు. తొమ్మిదింటికి ముందు బెంచీలోని ఇద్దరే జవాబు చెప్పారు. మూడో వరుసలో ఒక బాబు సరైన జవాబే రాసుకుని, చెరిపేసుకున్నాడు."

ఇంతవరకు చెప్పి ఆగండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో గమనించినదాని ప్రకారం, ప్రశ్న అడిగాక టీచర్లు జవాబు కోసం ఆగేది మామూలుగా ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల తీరే మారింది. ఈ మాట టీచర్లకు చెప్పే మనం, వాళ్లతో మాట్లాడేటప్పుడు మూడు సెకన్లు ఊరుకోలేం, సలహా ఇచ్చేస్తాం. దయచేసి ఇవ్వకండి. "ఆ బాబు అలా ఎందుకు చెరిపేసుకుని ఉంటాడంటారు?" అని అడిగి, ఎంతసేపైనా మౌనంగా ఉండండి. దారి టీచర్ నోట వస్తేనే రేపు క్లాసులో కనిపిస్తుంది.

ఐదుకు ఇన్ని మార్కులని వేసే ఫారాలు నాకు పనికిరావు. మూడు ఎందుకు వేశారు, నాలుగు ఎందుకు వేయలేదు అన్న వాదనలోనే టైమంతా పోతుంది, పిల్లల ఊసే రాదు.

చివరికి, మార్చుకోవాల్సింది ఏదో ఒక్కటే అని ఇద్దరూ నిర్ణయించుకోండి. అదేమిటో టీచర్‌నే ఎంచుకోనివ్వండి.

4. వారంలోపు అదే పీరియడ్‌కు మళ్లీ వెళ్లండి. అనుకున్న ఆ ఒక్కదాన్నే లెక్కపెట్టండి. కొత్త తప్పు కంటపడినా ఆ రోజు రాసుకోకండి.