చవక ఆసిలోస్కోపుతో స్వయంగా నేర్చుకుందాం – 5వ భాగం: ఫర్మ్‌వేర్ మార్చడం

ఆసిలోస్కోపు అంటే వోల్టేజీ మార్పును తెర మీద గీతగా చూపే పరికరం; కొలిచే చోటికి తగిలించే దాని తీగే ప్రోబు. పోయిన భాగంలో ప్రోబు మీది చిన్న స్క్రూ తిప్పుతూ స్క్వేర్ వేవ్ (నిటారుగా లేచి పడే తరంగం) మూలలను సరిచేశాం. ఇప్పుడు ఆసిలోస్కోపు లోపల నడిచే ప్రోగ్రామును, అంటే ఫర్మ్‌వేర్‌ను, పరికరం చెడకుండా మార్చడం చూద్దాం.

అసలు ఎందుకు మారుస్తున్నారో ముందు కాగితం మీద రాయండి. కొత్త వెర్షన్ వచ్చిందన్నది కారణం కాదు. ఏ లోపాలు సరిచేశారో తెలిపే వివరాల పత్రం సాధారణంగా కొత్త ఫైలుతోనే వస్తుంది. మిమ్మల్ని విసిగిస్తున్న లోపం అందులో ఉంటే మార్చండి, లేకపోతే ఉన్నదానితోనే పని చేసుకోండి. రొయ్యల చెరువుల ఏరియేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) కంట్రోల్ బోర్డులు బాగుచేసేవారు బల్ల మీద రిపేరు పని మిగిలి ఉండగా దీని జోలికి పోవద్దు.

తరువాత యుటిలిటీ మెనూలో సిస్టమ్ సమాచారం తెరిచి మోడల్, హార్డ్‌వేర్ వెర్షన్, ఫర్మ్‌వేర్ వెర్షన్ మూడింటినీ ఫోనుతో ఫొటో తీయండి. సిరీస్ పేరు కలిసినంత మాత్రాన ఫైలు సరిపోదు. సిగ్లెంట్ ఎస్‌డీఎస్1000ఎక్స్-ఈ సిరీస్‌లోనే రెండు ఛానళ్ల స్కోపుకు ఒక ఫైలు, నాలుగు ఛానళ్లదానికి వేరే ఫైలు. ఫైలు రకం కూడా కంపెనీని బట్టి మారుతుంది: సిగ్లెంట్‌లో ఏడీఎస్, రిగోల్ డీఎస్1000జెడ్ సిరీస్‌లో జీఈఎల్. తయారీ కంపెనీ ఇచ్చిన ఫైలు తప్ప, ఎవరో వాట్సాప్‌లో పంపినది పరికరంలో పెట్టకండి. మీ వెర్షన్ మరీ పాతదైతే మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించాలేమో ఆ వివరాల పత్రంలోనే చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కరెంటు. ఫర్మ్‌వేర్ నిలువ ఉండే ఫ్లాష్ మెమరీలో పాత ప్రోగ్రాము చెరిగాక కొత్తది రాయడం మొదలవుతుంది. ఆ నడుమ కరెంటు పోతే లోపల సగం ప్రోగ్రామే మిగులుతుంది, స్విచ్ వేస్తే తెర మీద కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోవచ్చు. కొన్ని మోడళ్లను మళ్ళీ లేపే దారి ఉంటుంది కానీ దాన్ని నమ్ముకుని మొదలుపెట్టకూడదు. నెల్లూరు జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, తుపానులూ అప్పుడే. ఆ నెలల్లో మబ్బు పట్టిన రోజున ఈ పని వాయిదా వేయండి.

మంచి రోజున కూడా యూపీఎస్ తప్పనిసరి. ఇంటి ఇన్వర్టరే ఉంటే దాని మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారే లోపల స్కోపు ఒకసారి ఆగి మొదలుకావచ్చు. అప్‌డేట్‌కు ముందే పరీక్షించండి: స్కోపు నడుస్తుండగా యూపీఎస్‌కు వచ్చే మెయిన్స్ స్విచ్ ఆపండి. తెర రెప్పపాటు కూడా ఆరకపోతేనే ముందుకు వెళ్ళండి.

ఫైలును స్కోపుకు అందించే పెన్‌డ్రైవ్ తక్కువ జీబీలదే మేలు. దాన్ని కంప్యూటర్‌లో ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. 32 జీబీ దాటినవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి, చాలా చవక స్కోపులు వాటిని చదవవు. జిప్ ఫైలును విప్పి, లోపలి ఫైలును పేరు మార్చకుండా, ఏ ఫోల్డరులోనూ పెట్టకుండా నేరుగా కాపీ చేయండి. మీరు దాచుకున్న సెట్టింగులను వేరే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి.

ఇక అసలు పని కొద్ది నిమిషాలే. ప్రోబులన్నీ తీసేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, మెనూలో అప్‌డేట్ ఎంచుకోండి. అది పూర్తయ్యేదాకా ఏ మీటా నొక్కవద్దు, పెన్‌డ్రైవ్ లాగవద్దు. పని ఎంత అయిందో చూపే గీత ఒకచోట ఆగినట్లు కనిపించినా కంగారుపడి స్విచ్ ఆపకండి.

పూర్తయ్యాక స్కోపును ఆపి మళ్ళీ వేసి, వెర్షన్ మారిందా, కొనుక్కున్న ఆప్షన్లు (అదనపు సౌకర్యాలు) అలాగే ఉన్నాయా చూడండి. అరగంట నడవనిచ్చి, ప్రోబులు లేకుండానే సెల్ఫ్ క్యాలిబ్రేషన్ (స్కోపు తన కొలతలను తానే సరిచేసుకోవడం) చేయండి. చల్లటి స్కోపు మీద ఇది చేస్తే, వేడెక్కాక సున్నా వోల్టేజీని చూపే జీరో గీత జరిగిపోతుంది. గది వేడి 5 డిగ్రీలు మారినా మళ్ళీ చేయడం మంచిది, మన మే నెల ఎండలకు ఇది వర్తిస్తుంది. చివరగా ప్రతి ఛానల్‌నూ 1 కిలోహెర్ట్జ్ పరీక్షా పిన్నుకు తగిలించి, మూలలు సరిగా ఉన్నాయా చూడండి.

అభ్యాసం: అప్‌డేట్ చేయకపోయినా సరే, ప్రతి ఛానల్‌లో ఆ పిన్ను వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కొలిచి నోట్‌బుక్‌లో పట్టిక వేయండి. 6వ భాగంలో మొబైల్ ఛార్జర్ రిపుల్ (దాని డీసీ వోల్టేజీలో మిగిలే చిన్న హెచ్చుతగ్గులు) కొలిచేటప్పుడు ఆ పట్టికతోనే మొదలుపెడతాం.