వేటకెళ్ళిన బోటు తిరిగి రాకపోతే కోస్ట్‌గార్డ్‌కి ఎలా చెప్పాలి? ఆ తర్వాత వాళ్ళు ఏం చేస్తారు?

సాయంత్రానికి ఒడ్డుకు చేరాల్సిన బోటు చీకటి పడినా రాలేదు. జువ్వలదిన్నె అయినా, తూపిలిపాళెం అయినా, ప్రకాశం జిల్లా కొత్తపట్నం అయినా, తర్వాత జరిగేది ఒకటే. ఇంటివాళ్ళు ఒడ్డున నిలబడతారు, ఫోను కలవదు, కుర్రాళ్ళు ఇంకో బోటు వేసుకుని వెతకడానికి బయల్దేరతారు. కోస్ట్‌గార్డ్‌కి కబురు వెళ్ళేది మాత్రం చాలాసార్లు తెల్లారాకే.

పోగొట్టుకోకూడని సమయం ఆ రాత్రే. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్ల చొప్పున నీరు లాగుతోందనుకోండి. ఇంజన్ ఆగిన బోటు ఆరు గంటల్లో 11 కిలోమీటర్లు కొట్టుకుపోతుంది. ఎటు పోయిందో తెలియకపోతే వెతకాల్సిన మేర సుమారు 380 చదరపు కిలోమీటర్లు. పన్నెండు గంటలు గడిస్తే అది రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది.

మొదటి పని: అనుమానం రాగానే ఫోన్

సముద్రంలో ఆపదకు కోస్ట్‌గార్డ్ నంబరు 1554. మెరైన్ పోలీసులది 1093. రెండూ కలవకపోతే 112. "పొద్దున దాకా చూద్దాం, ఊరికే కంగారు పెట్టినట్టవుతుందేమో" అని ఆగకండి. బోటు క్షేమంగా వస్తే మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట చెబితే సరిపోతుంది.

ముందు మీ ఊరు, మీ నంబరు చెప్పండి. మధ్యలో లైను తెగితే వాళ్ళే మళ్ళీ చేస్తారు. తర్వాత బోటు రిజిస్ట్రేషన్ నంబరు, రంగు, ఫైబర్ బోటా మెకనైజ్డ్ బోటా, ఎంతమంది ఉన్నారు, లైఫ్ జాకెట్లు ఉన్నాయా, ఎన్ని గంటలకు బయల్దేరారు, చివరిసారి ఎవరితో ఎప్పుడు మాట్లాడారు అన్నవి చెప్పాలి.

అసలు చిక్కంతా "ఎక్కడ" అన్న ప్రశ్న దగ్గరే. మ్యాపు భాష రాదని జంకక్కర్లేదు. "ఇస్కపల్లి లైట్‌హౌస్ నుంచి తూర్పుకి రెండు గంటలు నడిపి, ఇరవై బారల నీళ్ళలో వలేస్తారు" అంటే చాలు, అది వాళ్ళకు పనికొచ్చే సమాచారమే. జీపీఎస్ అంకెలు తెలిస్తే తెర మీద ఉన్నవి ఉన్నట్టే, చుక్కతో సహా చదవండి. 14 డిగ్రీల 30 నిమిషాలు వేరు, 14.30 డిగ్రీలు వేరు. ఆ రెండింటి మధ్య దూరం 22 కిలోమీటర్లు! కంటితో చూసింది ఏది, ఊహించింది ఏది అన్నది కూడా విడదీసి చెప్పండి. ఊరి తరఫున ఒక్కరే మాట్లాడాలి, వాళ్ళ ఫోను ఖాళీగా, చార్జింగుతో ఉండాలి.

అటువైపు ఏం జరుగుతుంది?

నెల్లూరు జిల్లాలో కృష్ణపట్నం దగ్గర కోస్ట్‌గార్డ్ స్టేషన్ ఉంది. తూర్పు తీరంలో గాలింపును సమన్వయం చేసేది చెన్నైలోని రక్షణ సమన్వయ కేంద్రం. వాళ్ళు ముందు పక్క ఊళ్ళలో, హార్బర్లలో వాకబు చేస్తారు, చుట్టుపక్కల ఉన్న బోట్లను వైర్‌లెస్‌లో అడుగుతారు. "వెళ్ళి వెతక్కుండా ఈ ప్రశ్నలేమిటి" అని ఇంటివాళ్ళకు కోపం రావడం సహజం. కానీ ఇంజన్ పాడై పక్క ఊరికి చేరిన బోట్లు ఎన్నో ఉంటాయి. ఆ వాకబుకి సమాధానం రాకపోతే ఆపద స్థాయి పెరుగుతుంది. ఆ దారిన పోతున్న సరకు ఓడలకూ సందేశం వెళ్తుంది. ఆపదలో ఉన్నవాళ్ళను ఆదుకోవడం అంతర్జాతీయ చట్టం ప్రకారం ఓడ కెప్టెన్ బాధ్యత. చాలాసార్లు ముందుగా చేరేది ఆ ఓడో, ఇంకో వేట బోటో అవుతుంది.

ఇక గాలి, నీటి లాగుడు లెక్కలు. సముద్ర సమాచారం అందించే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తయారుచేసిన 'సరాట్' అనే సాధనం, చివరిగా కనిపించిన చోటు, సమయం ఇస్తే ఎటు కొట్టుకుపోయి ఉంటారో అంచనా వేస్తుంది. తిరగబడ్డ బోటు ఒకలా, లైఫ్ జాకెట్‌తో తేలుతున్న మనిషి ఇంకోలా కొట్టుకుపోతారు. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నీరు ఎక్కువగా దక్షిణానికి లాగుతుంది, ఫిబ్రవరి, మార్చి నుంచి ఉత్తరానికి తిరుగుతుంది. అందుకే నవంబరులో ఇస్కపల్లి బోటు కోసం దానికి దక్షిణాన ఉన్న మైపాడు, కృష్ణపట్నం ఎదుట గాలిస్తుంటే తప్పు చోట వెతుకుతున్నారని అనుకోకండి.

చోటు కచ్చితంగా తెలిస్తే అక్కణ్ణుంచి చతురస్రాన్ని పెంచుకుంటూ పోతారు. తెలియకపోతే సాలు పక్కన సాలు దున్నినట్టు బారులు తీరి గాలిస్తారు. నీటి మీద ఓడలు, ఇంటర్‌సెప్టర్ బోట్లు, పైన డోర్నియర్ విమానం, అవసరమైతే హెలికాప్టర్.

బోటులో ఉన్నవాళ్ళు

బోటు తిరగబడినా దాన్ని వదిలి ఈదకూడదు. పైనుంచి చూసేవాళ్ళకు మనిషి తల కనబడటం కష్టం, బోటు సులువు. పగలు అద్దం మెరుపు, నారింజ పొగ, రాత్రి ఎర్ర మంట సంకేతం, అవి కూడా ఓడో విమానమో దగ్గరికి వచ్చాకే. ఆపద సంకేతం పంపే డాట్ పరికరం ఉంటే వెంటనే మీట నొక్కాలి. ఇస్రో రూపొందించిన రెండో తరం డాట్‌లో సంకేతం అందిందన్న జవాబు కూడా వస్తుంది. సముద్రపు నీళ్ళు మాత్రం తాగొద్దు.

మైపాడు బీచ్‌లోనో పాకల బీచ్‌లోనో స్నానానికి దిగినవాళ్ళు మునిగిపోతుంటే దారి వేరు. అక్కడ నిమిషాల లెక్క. 112కి చేస్తూనే ఒడ్డున ఉన్న మత్స్యకారులను పిలవండి, ఖాళీ ప్లాస్టిక్ డబ్బానో, ట్యూబో విసరండి. ఈత రానివాళ్ళు వెనకే దూకితే ఇద్దరు పోతారు. ఒకరు మాత్రం చూపు తిప్పకుండా మునుగుతున్న మనిషినే వేలితో చూపిస్తూ నిలబడాలి. ఒక్క క్షణం కళ్ళు మళ్ళితే అలల్లో ఆ చోటు మళ్ళీ దొరకదు.

బోటు తిరిగొస్తే, ఇంటికి వెళ్ళేముందే మళ్ళీ 1554కి ఫోన్ చేసి, బోటు నంబరు, ఎంతమంది చేరారో చెప్పండి. ఆ కబురు అందేదాకా వాళ్ళు సముద్రంలో వెతుకుతూనే ఉంటారు.