కెమెరా పాఠాలు – 9: చెడిన ఫొటోల పద్దు

పోయిన పాఠంలో షట్టర్ స్పీడు (వెలుతురు లోపలికి వచ్చే సమయం), ఎపర్చర్ (లెన్సులో తెరుచుకునే రంధ్రం), ఐఎస్‌ఓ (ఆ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) మూడూ ఒకదాన్ని ఒకటి ఎలా లాగుతాయో చూశాం. ఆ అభ్యాసం చేయనివాళ్ళు ముందు అది చేసి రండి, ఇవాళ్టి లెక్కలన్నీ దాని మీదే నడుస్తాయి. చేసినవాళ్ళకి ఈపాటికి మనసు కొనుగోళ్ళ మీదికి మళ్ళే ఉంటుంది. చేతిలో ఓ పన్నెండు వేలు ఉన్నాయి, కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం జూమ్ లెన్సు (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంవి దగ్గరగా కనిపిస్తాయి) తప్ప ఇంకేమీ లేదు. ఇప్పుడేం కొనాలి?

దానికి జవాబు మీ దగ్గరే ఉంది, చెడిపోయిన ఫొటోల్లో. అందుకే వాటిని డిలీట్ చేయొద్దని మొదటి పాఠం నుంచీ పోరుతున్నాను.

గడిచిన మూడు నెలల ఫొటోలు తెరిచి, "అయ్యో, ఇది బాగా వచ్చుంటేనా" అనిపించినవి నలభై ఏరండి. ఊరికే తీసినవి వద్దు, పోయినందుకు బాధ కలిగినవే కావాలి. నోటుబుక్కులో అయిదు గళ్ళు గీయండి: కదిలిపోయినవి, దూరం అందనివి, ఫ్రేములో చోటు చాలనివి, వెలుతురు మొహాన్ని పాడుచేసినవి, నాదే తప్పు. ఒక్కో ఫొటో చూస్తూ ఏదో ఒక గడిలో ఒక గీత పెట్టండి. రెండు గళ్ళకూ సరిపోయేలా ఉంటే దేనివల్ల ఎక్కువ చెడిందో అందులో వేయండి.

నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు 55-250 జూమ్ లెన్సు కోసం డబ్బు దాస్తున్నాను. కొల్లేరు పక్కన ఆటపాకలో గూడబాతుల్ని తీసి, అవి చుక్కల్లా వస్తే మనసు చిన్నబుచ్చుకుని వచ్చాను మరి. తీరా గీతలు లెక్కపెడితే దూరం గడిలో మూడే ఉన్నాయి. చోటు చాలనిది ఒకటి, వెలుతురు బాగోలేనివి ఆరు, కదిలినవి పదమూడు. మిగిలిన పదిహేడూ నాదే తప్పు: ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడింది, పెళ్ళికొడుకు నెత్తిలోంచి స్తంభం మొలిచింది, కిందటి రోజు పెట్టిన సెట్టింగ్ మార్చడం మర్చిపోయాను. ఏడాదికి ఒక్కసారి వెళ్ళే ఆటపాక కోసం, వారం వారం తీసే ఇంటి ఫొటోలను పట్టించుకోలేదన్నమాట.

అయిదో గడికి డబ్బు ఖర్చు లేదు. అందరికీ పెద్దదిగా తేలేదీ అదే, కంగారు పడకండి. మొదటి గడి దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం.

కదలికలో రెండు రకాలున్నాయి. మా ఇంట్లో బారసాల రోజు తీసిన ఒక ఫొటో ఇప్పటికీ దాచుకున్నాను. ఉయ్యాల స్టాండుకి చుట్టిన బంతిపూల దండలో రేకు రేకూ విడివిడిగా కనిపిస్తుంది. పాప పిడికిలి మాత్రం తెల్లటి గీతలా సాగిపోయింది. అంటే నా చెయ్యి వణకలేదు, పాప కదిలింది. ఇలాంటి చోట ట్రైపాడ్ ఎంత మంచిది కొన్నా దండగే. దండ కూడా చెదిరి ఉంటే అప్పుడు తప్పు చేతిది. దానికి గోడకి ఆనుకోవడమో, మోచేతులు మోకాళ్ళ మీద ఆనించడమో ముందు చేసి చూడాలి, ట్రైపాడ్ ఆ తర్వాతి మాట.

ఆ ఫొటో వివరాలు ఇవి: 55 ఎంఎం, ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 1600, షట్టర్ సెకనులో 15వ వంతు. ట్యూబులైటు గదిలో ఆ ఐఎస్‌ఓతో అంతకంటే రాదు. ఇప్పుడు ఎపర్చర్ ఒక్కో మెట్టు తెరుస్తూ పోండి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). 5.6 నుంచి 4కి వస్తే షట్టర్ 30వ వంతు, 2.8కి వస్తే 60, 2కి వస్తే 125. సెకనులో 125వ వంతులో పాప పిడికిలి పిడికిలిలాగే వస్తుంది. 18-55 లెన్సు 55 దగ్గర 5.6 దాటి తెరుచుకోదు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు తెరుచుకుంటుంది. కంపెనీని బట్టి కొత్తదే మన పన్నెండు వేలలో సర్దుకోవచ్చేమో, ధర కనుక్కోండి. మొదటి లెన్సుగా దాన్నే అందరూ చెప్పడానికి కారణం ఇదే.

ఆగండి, ఇంకా పర్సు తీయొద్దు. అదే గదిలో ఐఎస్‌ఓ 6400 పెట్టి ఉంటే ఖర్చేమీ లేకుండా 60వ వంతు దొరికేది. ఫొటో నిండా గింజల్లాంటి సన్నటి చుక్కలు కనిపిస్తాయి, నిజమే. గింజలున్న పిడికిలి గీతైపోయిన పిడికిలి కన్నా నయం. ముందు రెండు వారాలు అలా తీసి, అప్పటికీ చాలకపోతేనే లెన్సు.

రెండో చిక్కు గది కొలతలది. చిన్న సెన్సర్ (లోపల వెలుతురు పడే పలక) ఉన్న కెమెరాలో 50 ఎంఎం ఇరుకుగా చూస్తుంది. పదడుగుల గదిలో గోడకి వీపు ఆనించి, ఎనిమిదడుగుల అవతల ఉన్నవాళ్ళను అడ్డంగా తీస్తే మూడున్నర అడుగుల వెడల్పే పడుతుంది. 35 ఎంఎం అయితే అయిదడుగులు. మీ ఇంటికి ఏది నప్పుతుందో ఉన్న లెన్సుతోనే తెలుస్తుంది: జూమ్ రింగును 50 దగ్గర పెట్టి టేపు వేసి ఒక రోజంతా తీయండి, మర్నాడు 35 దగ్గర. ఏ రోజు ఎక్కువ విసుక్కున్నారో రాసిపెట్టుకోండి.

ఇంకో హెచ్చరిక. ఎఫ్/2 దగ్గర, 50 ఎంఎంతో, అయిదడుగుల దూరాన స్పష్టంగా వచ్చే లోతు దాదాపు ఏడు సెంటీమీటర్లే. పాప కళ్ళు వస్తాయి, ఎత్తుకున్న అమ్మమ్మ మొహం మసకబారుతుంది. బంధువులు రెండు వరసల్లో నిలబడే ఫొటోలే మీకు ఎక్కువైతే ఈ లెన్సు మిమ్మల్ని కాపాడదు, ఫ్లాష్ కావాలి. తల తిరిగే మాన్యువల్ ఫ్లాష్ (వెలుతురు ఎంతో మనమే పెట్టుకునేది) ఈ లెన్సు కన్నా చవక. కెమెరా మీద బిగించి తలని సీలింగు వైపు తిప్పితే వెలుతురు పైనుంచి మెత్తగా దిగుతుంది. సీలింగు తెల్లగా ఉండాలి సుమా. ఆకుపచ్చ రంగు వేసిన హాల్లో నేను తీసిన అత్తయ్యలందరూ కామెర్లొచ్చినట్టు వచ్చారు. ఎత్తయిన ఫంక్షన్ హాళ్ళలో ఈ ఉపాయం అసలు పారదు.

బాడీ, అంటే లెన్సు కాక మిగిలిన కెమెరా, మార్చే ఆలోచన ఉంటే ఒక్క లెక్క చూసి వదిలేయండి: 18 మెగాపిక్సెళ్ళ నుంచి 24కి వెళితే ఫొటో వెడల్పు ఆరో వంతు కూడా పెరగదు.

నికాన్ డి3000, డి5000 వరసల కెమెరాలున్నవాళ్ళు లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అనో, బాడీ కొత్తదైతే ఏఎఫ్-పి అనో ఉందో లేదో చూడండి. ఆ బాడీల్లో ఫోకస్ తిప్పే మోటారు ఉండదు, అది లెన్సులోనే ఉండాలి. చవగ్గా దొరికిందని పాత ఏఎఫ్-డి లెన్సు తెస్తే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే డబ్బు కలిసొస్తుంది. హైదరాబాద్ వాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. మీ బాడీ, మీ కార్డు పట్టుకెళ్ళండి. లెన్సు వెనక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూడండి. రెండు మూడు దుమ్ము రేణువులుంటే ఫరవాలేదు. సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే అది బూజు, ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఒకసారి ఓ దుకాణంలో వెయ్యి రూపాయలు తగ్గిందన్న సంబరంలో టార్చి వేయకుండానే తెచ్చుకున్నాను. ఎదురు వెలుతురులో తీసిన ప్రతి ఫొటో మీదా పొగ కమ్మినట్టుండేది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో వాడిన లెన్సులను మరీ జాగ్రత్తగా చూడాలి. మీరూ అక్కడే ఉంటే మిగిలిన డబ్బుతో బిర్రుగా మూతపడే డబ్బా, సిలికా జెల్ కొనండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే సన్నటి సెగ మీద మూకుట్లో వేడిచేస్తే మళ్ళీ నీలమవుతాయి. వంటకి వాడే మూకుడు మాత్రం వద్దు. బియ్యంలో లెన్సు పెట్టే చిట్కా నేను ఒప్పుకోను, తవుడు లోపలికి దూరుతుంది.

ఈ వారం అభ్యాసం: నలభై ఫొటోల పద్దు, ఐఎస్‌ఓ 6400తో రెండు సాయంత్రాలు, టేపు వేసి రెండు రోజులు. పదో పాఠంలో ఫ్లాష్ తల ఎటు తిప్పితే నీడ ఎటు పడుతుందో చూస్తాం, కాబట్టి వెలుతురు గడిలో గీతలు ఎక్కువున్నవాళ్ళు అప్పటిదాకా ఏమీ కొనకండి. అన్నట్టు, జూమ్ రింగుకి సెల్లోటేపు వేయకండి, జిగురు రబ్బరుకి పట్టుకుని వదలదు. రంగులు వేసేవాళ్ళు కిటికీ అంచులకి అంటించే కాగితం టేపు అడగండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.