ఆఫీసు బాకీ రాబట్టుకోవడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో నాది కర్రీ పాయింట్. ఒక ఆఫీసుకు మూడు నెలలు భోజనాలు పంపితే, డబ్బులకు "వచ్చే వారం అక్కా" అంటూ తిప్పారు.

ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు, చేసుకోండి. ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో ఉచితం. ఏజెంటుకు రెండు వేలు పోసిన తెలివి నాది. భోజనాలు పంపడం మొదలుపెట్టకముందే చేయాలి. ఎప్పుడో లోను కోసం చేయించినది నాకు ఇప్పుడు అక్కరకొచ్చింది. ఆ నంబరు ప్రతి బిల్లు మీదా వేయండి, క్యారియర్లు దించగానే సంతకం పెట్టించుకోండి.

2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా డబ్బు కట్టే గడువు 45 రోజులు దాటకూడదు. లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ఇదే మర్యాదగా మెయిల్లో రాయండి. నాకు దాంతోనే వచ్చాయి. వడ్డీ మాత్రం అడగలేదు, రేపు మళ్లీ వాళ్లకే వండాలి కదా.